గాలి ఆగితే లేచి కూర్చునే తమ్ముడు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది విశాఖపట్నం, పెద వాల్తేరు వైపు. మూడో అంతస్తులో ఉంటాం, బాల్కనీ సముద్రం వైపు. నేను ఎమ్మే సైకాలజీ మొదటి సంవత్సరం, తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాడు మూడో తరగతి. అప్పటి నుంచి వాడికి ఒక అలవాటు పట్టుకుంది. గాలి వీస్తుంటే హాయిగా పడుకుంటాడు, ఆగితే లేస్తాడు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగినా అంతే. కిటికీల గడియలు, బాల్కనీ తలుపు గొళ్లెం రెండేసి సార్లు చూసుకుంటేగాని మళ్లీ పడుకోడు. ఈమధ్య అమ్మే వాడికంటే ముందు లేచి అన్నీ వేసేస్తోంది. నాన్న "మగపిల్లాడివి, ఏంటీ పిరికితనం" అంటారు. మామ్మ దిష్టి తీస్తుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్ వస్తే వెళ్లనంటున్నాడు. క్లాసులో ఫ్రాయిడ్ దగ్గర్నుంచి బెక్ దాకా అందరినీ చదివాను. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. వాడితో ఓ రోజు "నీది రిప్రెషన్‌రా, లోపల ఏదో అణిచేసుకున్నావు" అన్నాను. "నేను నీ ప్రాజెక్టుని కాదు" అన్నాడు. పది రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. ఇన్ని సిద్ధాంతాల్లో ఏది నిజం? ఏది పట్టుకుని వాడికి సాయం చెయ్యను?

తా.క.: ఆ రోజు మధ్యలో గాలి ఆగినప్పుడు "ఆగిపోయింది నాన్నా" అని కేకేసింది వాడే. నాన్న బాల్కనీ తలుపు తీశారు. ఇంతలో మళ్లీ గాలి కొట్టి, అద్దం పగిలి, నాన్న చేతికి కుట్లు పడ్డాయి. ఇది ముఖ్యమో కాదో తెలీదు.

- ఒక అక్క

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపేసింది ఆ తా.క.నే. దాని దగ్గరకి వస్తాను. ముందు నువ్వడిగిన దానికి జవాబు చెప్పనివ్వు, ఎందుకంటే అది చదువుకునే ప్రతివాళ్లనీ ఏదో ఒక రోజు నిలదీసే ప్రశ్న.

మన "ఎందుకు" అనే మాటనే తీసుకో. "వాడెందుకు లేచాడు?" అంటే "ఎందువల్ల లేచాడు?" అని అర్థం చెప్పుకోవచ్చు, "ఎందుకోసం లేచాడు?" అనీ చెప్పుకోవచ్చు. ఫ్యాను ఆగినందువల్ల లేచాడు. గొళ్లెం చూడటం కోసం లేచాడు. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు. జంతువుల ప్రవర్తనని జీవితమంతా చూసిన నికో టింబర్‌జెన్ 1963లో రాసిన వ్యాసంలో ఇలాంటి చిక్కునే విప్పాడు. ఒక పక్షి ఎందుకు కూస్తోందని అడిగితే అందులో నాలుగు ప్రశ్నలున్నాయన్నాడు: ఇప్పుడు దాన్ని కదిలించింది ఏమిటి, గుడ్డులోంచి వచ్చిన దగ్గర్నుంచి ఆ కూత ఎలా తయారైంది, బతకడానికి ఎలా పనికొస్తోంది, ఆ జాతికి అది ఎలా సంక్రమించింది. నాలుగింటికీ నాలుగు జవాబులుంటాయి. అవి ఒకదానితో ఒకటి పోటీ పడవు.

మనస్తత్వశాస్త్రంలో పెద్ద పెద్ద దృక్పథాలు ఒకదాన్నొకటి కాదనుకుంటూ దశాబ్దాలు గడిపాయి. 1913లో ప్రవర్తనావాదం మొదలుపెట్టిన వాట్సన్ అయితే మనసు ఊసే వద్దు, కంటికి కనిపించే ప్రవర్తన చాలన్నాడు. వాళ్ల పోట్లాటలో కొంత నిజమైన విభేదమే. కానీ ఎక్కువ భాగం, ఎవరి ప్రశ్నని వాళ్లు మొత్తం ప్రశ్న అనుకోవడం వల్ల వచ్చింది. నువ్వు పరీక్షకి రాసిన జవాబులో అవి వరసగా నిలబడి ఉంటాయి. ఇంట్లో తమ్ముడి ముందు అలా నిలబడవు. అందుకని ఒక్కోదాన్ని తీర్పుగా కాకుండా వాడి గురించి అడగాల్సిన ప్రశ్నగా పట్టుకో. ఏది ఎంత వెలుగిస్తే అంతే తీసుకుందాం.

నా అనుభవంలో ఇలాంటి విషయంలో అన్నిటికంటే ముందు పనికొచ్చేది ప్రవర్తనావాదులు అడిగే ప్రశ్న, దాన్ని మన క్లాసుల్లో ఎంత పొడిగా చెప్పినా సరే. వాళ్లు అడిగేది ఇది: సరిగ్గా దేనికి ఉలిక్కిపడుతున్నాడు? దాని తర్వాత ఏం జరుగుతోంది? మొదటిదానికి నీ ఉత్తరంలోనే జవాబుంది. ఊళ్లో అందరూ తుఫాను గాలికి భయపడితే వీడు గాలి ఆగితే భయపడుతున్నాడు. 2014 అక్టోబరు 12, ఆ ఆదివారం నేనూ ఈ ఊళ్లోనే ఉన్నాను. గంటకి 180 కిలోమీటర్ల గాలి ఎలా ఉంటుందో విశాఖలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తుఫాను కన్ను మీదుగా దాటేటప్పుడు గాలి సద్దుమణుగుతుంది. అది అయిపోవడం కాదు, సగం మాత్రమే. తర్వాత ఎదురు దిక్కు నుంచి అంత జోరుగానూ కొడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లాడి ఒంటికి ఆ రోజు అందిన పాఠం "గాలి ప్రమాదం" అని కాదు, "నిశ్శబ్దం ప్రమాదం" అని. పావ్‌లోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ప్రయోగంలో కుక్కలకి టిక్ టిక్ మనే మెట్రోనోమ్ చప్పుడు తిండిని గుర్తు చేసినట్టు, వీడికి నిశ్శబ్దం ఆ అద్దం పగలడాన్ని గుర్తు చేస్తోంది.

ఫ్యాను సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 1920లో వాట్సన్, రోసలీ రేనర్ ఒక పసివాడికి తెల్ల ఎలుకని చూపిస్తూ వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో మోగించి, ఎలుకంటే భయం పుట్టించారు. ఆ భయం కుందేలుకీ కుక్కకీ బొచ్చు కోటుకీ కూడా పాకింది. (తర్వాత ఆ భయాన్ని పోగొట్టకుండానే ఆ పిల్లాణ్ణి వదిలేశారు. ఆ ప్రయోగాన్ని చదివిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.) మీ తమ్ముడి భయం గాలి ఆగడం నుంచి ఫ్యాను ఆగడానికి పాకింది. మీ ఇల్లు సముద్రం పక్కనే కదా, రాత్రివేళ సముద్రపు గాలి తగ్గి నేల గాలి అందుకునేలోపు కాసేపు ఆకు కదలదు. వాడు ఉత్తినే లేస్తున్నాడని మీకనిపించిన రాత్రుల్లో ఆ వేళ గాలి ఎలా ఉందో ఒక వారం గమనించు. వాణ్ణి కాదు, గాలిని గమనించు.

ఇక రెండో ప్రశ్న, తర్వాత ఏం జరుగుతోంది? గడియ చూడగానే గుండె నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదే వాడికి బహుమానం. మీ పాఠంలో రుణాత్మక పునర్బలనం అనేది ఇదే. చాలామంది దాన్ని శిక్ష అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. శిక్ష కాదది, బాధ తొలగడం అనే లాభం. మౌరర్ అనే మనస్తత్వవేత్త 1947లో ఈ రెండు ముక్కల్నీ ఒకచోట కలిపాడు. భయం జతపడటం వల్ల పుడుతుంది, తప్పించుకోవడం వల్ల బతుకుతుంది. పుట్టి పదేళ్లు దాటిన భయం ఈపాటికి వాడిపోవాలి. పోలేదంటే ప్రతి రాత్రీ దానికి ఎవరో నీళ్లు పోస్తున్నట్టే. పోస్తున్నది వాడు, ఇప్పుడు మీ అమ్మగారు కూడా. ఆవిడని తప్పు పట్టడానికి అనడం లేదు. నిద్ర మానుకుని లేస్తున్న తల్లి అది. కానీ వాడికంటే ముందు ఆవిడ గడియ వేసిన ప్రతిసారీ "నువ్వు అనుకున్నది నిజమే, ముప్పు ఉంది" అని ఇల్లంతా కలిసి వాడికి చెప్పినట్టవుతోంది. గడియ వెయ్యకపోయినా ఏమీ కాదన్న సంగతి వాడికి తెలిసే అవకాశమే రావడం లేదు.

దీన్ని విప్పే దారి కూడా ఈ ప్రవర్తనావాదులే చూపించారు. 1924లో మేరీ కవర్ జోన్స్ పీటర్ అనే చిన్న పిల్లాడి భయం గురించి రాసింది. కుందేలంటే హడలిపోయేవాడు. పిల్లాడు ఇష్టమైనది తింటుండగా గదికి ఆ చివర బోనులో కుందేలుని పెట్టి, రోజురోజుకీ కొంచెం కొంచెం దగ్గరకి తెచ్చింది. భయం లేని పిల్లల్ని కూడా పక్కన ఆడనిచ్చింది. మధ్యలో పీటర్‌కి జబ్బు చేసింది, ఆ తర్వాత ఓ పెద్ద కుక్క మీదకి రావడంతో భయం తిరగబెట్టింది. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టారు. చివరికి కుందేలుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తిరగబెట్టడాన్ని గుర్తుపెట్టుకో. ఆరిపోయిందనుకున్న అలవాటు కొంత విరామం తర్వాత మళ్లీ తలెత్తడం పావ్‌లోవ్ కూడా తన కుక్కల్లో చూశాడు. పాత పాఠం చెరిగిపోదు, దాని పక్కన కొత్త పాఠం చేరుతుంది. అందుకని అక్టోబరులోనో నవంబరులోనో వాయుగుండం వార్త రాగానే వాడు మళ్లీ నాలుగుసార్లు లేచినా, చేసిందంతా నీళ్ల పాలైందని ఎవరూ నిట్టూర్చకండి.

మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ గురించి ఎక్కువ చెప్పను, చెప్పేది గట్టిగా చెబుతాను. రిప్రెషన్ అన్నావు. దమనం అంటే తలపులోకి రానివ్వకుండా లోపలికి తొక్కెయ్యడం. మీవాడికి ఆ రోజు పూసగుచ్చినట్టు గుర్తుంది. కాబట్టి ఆ మాట ఇక్కడ అతకదు. అతికినా అలా అనకూడదు. ఈ సంగతి ఫ్రాయిడే చెప్పాడు. 1910లో "అడ్డగోలు మనోవిశ్లేషణ" గురించి ఒక వ్యాసం రాశాడు. మొదటి పరిచయంలోనే ఎదుటి మనిషి లోపల ఉన్నది ఇదీ అని ముఖం మీద చెప్పేస్తే బాగుపడకపోగా చెప్పినవాళ్ల మీద పగ పెంచుకుంటారని దాని సారాంశం. వాడికి తెలియని సంగతి నీకు తెలిసినంత మాత్రాన వాడి బాధ పోదు. ముందు మీ ఇద్దరి మధ్య నమ్మకం ఉండాలి.

దీన్ని నేను పుస్తకం నుంచి మాత్రమే చెప్పడం లేదు. నీ వయసులో మా మేనత్తకి నేనూ ఇలాగే చెప్పాను. మామయ్య పోయాక ఆవిడ కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. "అది నీ గిల్ట్ అత్తయ్యా" అన్నాను. ఆవిడ గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత పదిహేనేళ్లు బతికింది. మామయ్య పేరు నా ముందు మళ్లీ ఎత్తలేదు. నేను చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఆవిడ మాత్రం తన దుఃఖం చెప్పుకోగలిగే మనుషుల్లో ఒకరిని పోగొట్టుకుంది. ఆ నష్టం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అయితే ఫ్రాయిడ్ నుంచి నిలుపుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పని వాడికి ఏమిటి? అంటే, దానికి ఏ అర్థం అంటుకుని ఉంది? నీ తా.క. ఇక్కడికొస్తుంది.

"ఆగిపోయింది నాన్నా" అన్నది వాడు. తలుపు తీసింది నాన్న. తెగింది నాన్న చెయ్యి. పిల్లలు తమ మాట వల్లే అంతా జరిగిందని అనుకోవడం చాలా మామూలు. అమ్మానాన్నలు పోట్లాడుకున్నా, తాతకి జబ్బు చేసినా, నేను అల్లరి చేసినందుకే అనుకుంటారు. నా ఊహ తప్పు కావొచ్చు. వాణ్ణి చూడకుండా ఇది ఖాయమనే హక్కు నాకు లేదు. కానీ ఒక ఎనిమిదేళ్లవాడు "నేను చూడకుండా చెప్పాను, నాన్నకి దెబ్బ తగిలింది, ఇకమీదట చూడకుండా ఉండకూడదు" అని తనకి తానే ఓ కాపలా ఉద్యోగం వేసుకుని ఉంటే? అప్పుడు హైదరాబాద్ వెళ్లననడంలో అర్థం మారిపోతుంది. అక్కడ తనకేమవుతుందో అని కాదు, ఇక్కడ రాత్రిళ్లు తలుపు ఎవరు చూస్తారో అని. మీ నాన్నగారు పిరికితనం అంటున్నది, ఆయన కోసం పదేళ్లకి పైగా ఆయన కొడుకు రాత్రి నిద్ర మానుకుని చేస్తున్న పని కావచ్చు.

ఈ మాట కూడా వాడితో నువ్వు అనకు. అన్నావంటే మళ్లీ ప్రాజెక్టే.

మనిషి ఆలోచనల వైపు నుంచి చూసే సంజ్ఞానవాదుల ప్రశ్న దీనికి దగ్గరే: ఆ క్షణంలో మనసులో మెదిలే వాక్యం ఏమిటి? ఆరన్ బెక్ మనోవిశ్లేషణలో తర్ఫీదైన డాక్టరు. కుంగుబాటు గురించి ఫ్రాయిడ్ చెప్పినదాన్ని రుజువు చెయ్యాలని మొదలుపెట్టి, రోగుల కలల్లో అది దొరక్క, 1960ల్లో దారి మార్చుకున్నాడు. మనకి తెలియకుండానే మెరిసిపోయే చిన్న చిన్న ఆలోచనలు మన బాధని నడుపుతాయని గమనించాడు. బెక్ దగ్గర నాకు నచ్చింది ఏమిటంటే, "నీ ఆలోచన తప్పు" అని వాదించమనడు. "ఇద్దరం కలిసి పరీక్షించి చూద్దామా" అంటాడు. మీవాడి నియమం, నిశ్శబ్దం తర్వాత ముప్పు ఉంటుందన్నది, ఒకసారి అక్షరాలా నిజమైంది. దాన్ని మూఢనమ్మకంలా కొట్టిపారేస్తే వాడి తెలివిని అవమానించినట్టే. అది ఒక్క రోజుకి సరిపోయిన నియమం, మిగతా అన్ని రాత్రులకీ సాగింది. పడుకునే ముందు ఒక కాగితం మీద "ఈ రాత్రి చూడకపోతే ఇలా అవుతుంది" అని వాడు రాసుకుని, పొద్దున్న ఏమైందో పక్కన రాసుకుంటే నెల తిరిగేసరికి ఆ కాగితమే వాడితో మాట్లాడుతుంది. ఇంజనీరింగ్ చదివేవాడు, లెక్క నచ్చవచ్చు.

జీవశాస్త్రం వైపు నుంచి ఒకటే చెబుతాను, అదీ మీ నాన్నగారి కోసం. ముప్పు అనిపించగానే గుండె దడ, చెమట, కండరాల బిగువు ఆలోచన కంటే ముందు వచ్చేస్తాయి. వాడు ఎంచుకుని భయపడటం లేదు. మగతనానికీ దానికీ సంబంధం లేదు. ఇన్నేళ్ల తెగిన నిద్ర ఆ బిగువుని ఇంకా పెంచుతుంది. ఒకసారి డాక్టరుకి చూపించడం మంచిది. మందు అవసరమని ఆయన అంటే అదేమీ ఓటమి కాదు.

మనిషి అవసరాలని మెట్లుగా చూపించే మాస్లో పిరమిడ్ గీసి, కింద నుంచి రెండో మెట్టు "భద్రత" దగ్గర తమ్ముణ్ణి నిలబెట్టి ఉంటావు నోట్సులో. మాస్లో 1943 వ్యాసంలో పిరమిడ్ బొమ్మే లేదు, ఆ గీతలు తర్వాతివాళ్లవి. మనిషి మెట్లెక్కినట్టు ఒకటి పూర్తి చేసి ఇంకోటి మొదలుపెట్టడు. మాస్లో లాంటి మానవతావాదుల్లో నీకు ఈ వారమే పనికొచ్చేవాడు కార్ల్ రోజర్స్. మనిషి మారడానికి కావాల్సింది ఎదుటివాళ్ల తెలివైన విశ్లేషణ కాదు, షరతులు పెట్టకుండా తనని తనలా ఒప్పుకునే ఒక మనిషి ఎదురుగా ఉండటం అన్నాడు. మనకి కొత్త కాదు, కథ చెప్పేవాళ్లకి ఊ కొట్టడం తెలిసిన జాతి మనది. ఊ కొట్టేవాడు కథని సరిదిద్దడు, ముగింపు ముందే చెప్పెయ్యడు.

మామ్మగారి దిష్టి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నువ్వు దాన్ని నాన్న తిట్ల పక్కన పెట్టి రాశావు. నేను వేరుగా చూస్తాను. ఆ ఇంట్లో వాణ్ణి పిరికివాడు అనని, రోగం పేరు పెట్టని మనుషుల్లో ఆవిడ ఒకరు. ఉప్పూ మిరపకాయలూ భయాన్ని తియ్యవు, నిజమే. కానీ "బిడ్డకి ఏదో బాధగా ఉంది" అని ఒప్పుకుని పక్కన నిలబడుతోంది కదా. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు గారు నెలకొల్పిన విభాగం పడమటి సిద్ధాంతాలతో పాటు మన యోగ, చేతన చింతననీ లెక్కలోకి తీసుకుంది. ఎవరి మనసుని చదువుతున్నామో ఆ మనుషుల మాటల్లో కూడా చదవాలన్నంత వరకు నేను ఆ దారిని గౌరవిస్తాను.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది, సామాజిక దృక్పథం అడిగేది: చుట్టూ ఎవరున్నారు, ఏం మాట్లాడుకుంటున్నారు, దేని గురించి మాట్లాడుకోవడం లేదు? బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే మనస్తత్వవేత్త పిల్లవాణ్ణి ఇల్లు, బడి, ఊరు అనే వలయాల మధ్యలో పెట్టి చూడమన్నాడు. ఈ ఊరంతా ఆ తుఫాను గురించి ఇప్పటికీ చెప్పుకుంటుంది. కూలిన చెట్లు, కరెంటు లేని రోజులు, పాల ప్యాకెట్ల కోసం వరసలు. మీ ఇంట్లో ఆ బాల్కనీ తలుపు గురించి ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? నువ్వు కూడా తా.క.లో పెట్టి "ముఖ్యమో కాదో" అన్నావంటే, లేదనే అనుకుంటున్నాను.

ఆ మాట ఎత్తాల్సింది నువ్వు కాదు, మీ నాన్నగారు. వీలైతే ఈ ఉత్తరం ఆయనకి చూపించు. అయ్యా, మీతో కూడా ఒక మాట. మీవాడితో ఓ సాయంత్రం మీరిద్దరే నడవడానికి వెళ్లండి. మీ చేతి మచ్చ చూపించి, "ఆ రోజు నువ్వు చెప్పింది నిజమేరా, గాలి ఆగింది. తలుపు తీసింది నేను. తుఫానుకి కన్ను ఉంటుందని తెలిసుండాల్సింది పెద్దవాణ్ణి నేను" అని చెప్పండి. వాడు ఏమీ అనకపోవచ్చు. నా ఊహ తప్పైతే ఈ మాట వల్ల పోయేదేమీ లేదు. "పిరికితనం" అనే మాట మాత్రం ఆ రోజు నుంచి ఇంట్లో వినపడకూడదు.

మిగతాది నెమ్మదిగా. వాడు ఒప్పుకుంటేనే, వాడు వేసుకున్న మెట్లలోనే. రెండుసార్లు చూసేది ఒకసారి, తర్వాత ఫ్యాను ఆగాక ఐదు నిమిషాలు కూర్చుని ఆ తర్వాత చూడటం, పగటిపూట కావాలని ఫ్యాను ఆపి కూర్చోవడం, ఒక రాత్రి స్నేహితుడి ఇంట్లో పడుకోవడం. అమ్మ కూడా ఒక్కసారిగా మానెయ్యకూడదు, వాడితో మాట్లాడుకుని తగ్గించుకోవాలి. ఇక్కడి తుఫాను హెచ్చరికల కేంద్రం హెచ్చరిక ఇచ్చిన రోజు మాత్రం అందరూ గడియలు వేసుకోండి. అది భయం కాదు, జాగ్రత్త. ఏ గడియ భయంది, ఏది జాగ్రత్తది అన్న తేడా వాడికి దొరకడమే మనకి కావాల్సింది.

నువ్వు అక్కవి, ఈ మెట్లు ఎక్కించే పని నువ్వు చెయ్యకు. క్లినికల్ సైకాలజిస్టు చెయ్యాలి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దగ్గరే. ఆ గేటు దాటడానికి ఇంట్లోవాళ్లు జంకితే, ముందు 14416కి ఫోన్ చెయ్యండి. టెలిమానస్ అనే మానసిక సాయం లైను, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట వాడి నోట ఎప్పుడైనా వస్తే మాత్రం మెట్లూ వద్దు, ఆలోచనా వద్దు, ఆ పూటే తీసుకెళ్లండి. ఇంటర్న్‌షిప్ ఈసారి పోతే పోనివ్వండి, ఇంకోటి వస్తుంది.

నీ వంతు ఈ రాత్రికి చిన్నదే. వాడి గది గుమ్మం దగ్గర నిలబడి "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందిరా, తప్పు నాది" అను. ఎందుకన్నావో వివరించకు, ఏమీ అడగకు. వాడు జవాబు చెప్పకపోయినా సరే, వచ్చి పడుకో.